ఈశాన్య మూల నీళ్ల మూకుడు: ఎంవీపీ కాలనీ ఇంటి తోటలో శీతాకాలపు చిట్టిపిట్టల ఫొటోలు

పిట్టల ఫొటోలు సరిగ్గా రావడం లేదని నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది లెన్సు గురించే అడుగుతారు. ఈ కేసు కూడా అలాగే మొదలైంది. విశాఖ ఎంవీపీ కాలనీలో సొంత ఇల్లున్న ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, దూరపు పిట్టను దగ్గరగా చూపే సిగ్మా 150-600 మి.మీ. కాంటెంపరరీ జూమ్ లెన్సు కొన్నారు. తమ తోటకు వచ్చే పిట్టలతో ఉగాదికి ఒక కేలెండరు అచ్చువేయించి బంధువులకు పంచాలని ఆయన కోరిక. "పిట్టలన్నీ నల్లగా వస్తున్నాయండీ. ఇంతకన్నా మంచి లెన్సు ఉంటే చెప్పండి, కొంటాను" అని డిసెంబరు మొదట్లో ఫోను చేశారు. కొనవద్దని, ముందు ఇల్లు చూపించమని చెప్పాను.

తోటలు చూసి ఎక్కడ కూర్చోవాలో, ఏది ఎక్కడికి జరపాలో చెప్పడం నా పనిలో పెద్ద భాగం. ఇంటి తోటలో చిన్న పిట్ట ఫొటో బాగుంటుందా, పాడవుతుందా అన్నది చాలావరకు పిట్ట రాకముందే తేలిపోతుంది. సూర్యుడు ఎటు ఉన్నాడు, వెనక గోడ ఎంత దూరంలో ఉంది, పిట్ట మొదట ఏ కొమ్మ మీద వాలుతుంది అన్న మూడూ కుదిరితే మామూలు లెన్సు చాలు. కుదరకపోతే లక్షలు పోసి కొన్న లెన్సు కూడా నల్లటి పిట్టనే ఇస్తుంది.

పాత ఫొటోలు చెప్పినది

ఫొటోల కన్నా ముందు, ప్రతి ఫొటోతో పాటు కెమెరా దాచే అంకెలు చూస్తాను. దాదాపు అన్నీ 600 మి.మీ. దగ్గర, అంటే జూమ్ చివరి కొసన తీసినవే. అన్నీ తొమ్మిదిన్నర దాటాక తీసినవే. ఫొటోలో గరుకు చుక్కల్లా కనిపించే నాయిస్ వస్తుందన్న భయంతో ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా స్పందనను పెంచే అంకె) 400 దాటనివ్వలేదు, అందుకని షట్టర్ వేగం సెకనులో 200వ వంతు దగ్గర నిలిచిపోయింది. ఒక్క క్షణం కూడా కుదురుగా ఉండని తేనెపిట్టకు అది చాలదు. అన్నీ ఒకే చోటి నుంచి, భోజనాల గది ఉత్తరపు కిటికీలోంచి తీశారు. కిటికీ బయట ఒకటిన్నర మీటర్ల దూరంలో గుబురుగా పెరిగిన మందార ఉంది. ఆ లెన్సు 2.8 మీటర్ల లోపు ఉన్నదాన్ని ఫోకస్ చేయదు. అందుకోసం ఆయన డైనింగు టేబులు పక్కకు నెట్టి, గది మధ్యకు వెనక్కి జరిగి తీసేవారు. కొన్నిసార్లు దోమల జాలీ తలుపు కూడా వేసే ఉండేది. జాలీ గుండా తీస్తే ఫోకస్ కుదిరినట్టే కనిపిస్తుంది కానీ, బొమ్మ మొత్తం పాలు కలిపినట్టు పలచబడుతుంది.

అసలు చిక్కు మాత్రం ఇంటి నిర్మాణంలో ఉంది. తూర్పు ముఖం ఇల్లు. వాస్తు ప్రకారం తూర్పున ఆరు మీటర్లు, ఉత్తరాన మూడు మీటర్లు ఖాళీ వదిలి, దక్షిణ, పడమరల్లో సందు మాత్రమే ఉంచారు. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణ ఆకాశంలో దాదాపు 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. నాలుగు మీటర్ల ఎత్తున్న ఇంటికి ఆ వేళ ఉత్తరం వైపు మూడున్నర మీటర్ల నీడ పడుతుంది. ఉదయం ఎనిమిదిన్నరకు ఆ నీడ అయిదు మీటర్ల పైమాటే. అంటే మూడు మీటర్ల ఉత్తరపు జాగాలో నేలకు ఆ నెలంతా ఎండ తగలదు. కానీ పది గంటలయ్యేసరికి ఉత్తరపు ప్రహరీ పైభాగం నీడలోంచి బయటపడుతుంది. దానికి తెల్లసున్నం. మందార కొమ్మ మీది పిట్ట నీడలో ఉండగా, దాని వెనక ఒకటిన్నర మీటర్ల దూరంలో తెల్లగోడ ఎండలో మెరుస్తూ ఉంటుంది. కెమెరా గోడను చూసి వెలుతురు తగ్గించుకుంటుంది, పిట్ట నల్లబడుతుంది. ఎక్స్‌పోజర్ పెంచితే పిట్ట తేలుతుంది కానీ గోడ తెల్లకాగితం అయిపోతుంది. ఏ లెన్సు కొన్నా ఆ గోడ అక్కడే ఉంటుంది.

ఇది ఆయనకు నోటితో చెప్పి ఊరుకోలేదు. పది గంటలకు ఒక కొబ్బరికాయను మందార కొమ్మల్లో పెట్టించి ఆయన చేతే తీయించాను. అది కూడా నల్లగానే వచ్చింది. లెన్సు మాట మళ్లీ ఎత్తలేదు.

తూర్పు వరండాకు మకాం

తూర్పు వైపు తోట ఉత్తర దక్షిణాలుగా పొడవుగా ఉంది. రోడ్డుకు ఆవల ఖాళీ స్థలం కాబట్టి ఎండకు అడ్డు లేదు. డిసెంబరు, జనవరుల్లో సూర్యోదయం ఆరుంబావు, ఆరున్నర మధ్య అటూఇటూగా అవుతుంది. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించడు, బాగా దక్షిణానికి జరిగి వస్తాడు. ఎనిమిదిన్నరకు ఆగ్నేయంలో దాదాపు 25 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. వరండా దక్షిణపు కొసన కుర్చీ వేసుకుని ఉత్తరం వైపు చూస్తే ఆ ఎండ కుడి భుజం మీదుగా పిట్ట మీద పడుతుంది. ఏడుంబావు నుంచి తొమ్మిదిన్నర దాకా పనికొచ్చే వెలుతురు అదే. తర్వాత కూడా తీయవచ్చు కానీ ఆ వేళకు పిట్టలు ఆకుల లోపలికి వెళ్లిపోతాయి. రోడ్డు మీద స్కూలు ఆటోల సందడి కూడా మొదలవుతుంది.

పిట్టలు వచ్చి వాలే చోటు ఈశాన్యంలో ఉండాలని తేలింది. ఆయన భార్య నవ్వి, "నీళ్లు ఈశాన్యంలో పెట్టమని మా అత్తగారు ఎప్పుడో చెప్పారు, మీరు ఫీజు తీసుకుని చెబుతున్నారు" అన్నారు. వాస్తుకు నేను హామీ ఇవ్వలేను కానీ, శీతాకాలపు సూర్యుడికి ఇవ్వగలను.

కుర్చీ నుంచి కొమ్మకు నాలుగున్నర మీటర్లు, కొమ్మ నుంచి ఉత్తరపు ప్రహరీకి మూడు మీటర్లు వచ్చేట్టు కొలిచాం. ఈ రెండో కొలత చాలామంది పట్టించుకోరు. వెనకనున్నది ఎంత దూరం జరిగితే అంత మెత్తగా కరిగిపోతుంది. అక్కడ గోడ మీద శంఖుపుష్పం తీగ అప్పటికే పాకి ఉంది. బోసిగా ఉన్న చోట నర్సరీల్లో వాడే ముదురాకుపచ్చ నీడవల వేలాడదీశాం. గోడ కూడా పిట్టతో పాటే ఎండలో ఉంటుంది కాబట్టి రెండింటి మధ్య వెలుతురు తేడా పోయింది.

వరండా గ్రిల్లుకు పాత దుప్పటి కట్టి లెన్సు పట్టేంత కంత చేశాం. లెన్సు బరువు రెండు కిలోలకు కాస్త తక్కువ. ఆయన భుజం నొప్పి మనిషి. గ్రిల్లు అడ్డకమ్మీ మీద ఊక నింపిన గుడ్డసంచి పెట్టి, దాని మీద లెన్సు ఆనించమన్నాను. ట్రైపాడ్ కన్నా ఇది సుఖం, చప్పుడు కూడా ఉండదు.

సముద్రం దగ్గర కాబట్టి ఇంకో మాట. ఏసీ గదిలో పెట్టిన కెమెరాను ఉదయాన్నే బయటకు తెస్తే అద్దం మీద ఆవిరి కమ్ముకుని, మంచి వెలుతురు ఉన్న సమయం తుడుచుకోవడానికే సరిపోతుంది. సంచిలోనే ఉంచి తెల్లవారుజామున వరండాలో పెట్టేయాలి.

నీళ్లు, కంకులు, కొమ్మ

యూట్యూబులో చూసి ఆయన ఒక గింజల పెట్టె కొని వేలాడదీశారు. మంచుదేశాల్లో చలికాలం పురుగులు దొరకవు, గింజలు, కొవ్వు ముద్దలు పెడితే పిట్టలు గుంపులుగా దిగుతాయి. మన శీతాకాలం ఆకలి కాలం కాదు. ఇక్కడి తోటలో తిరిగే చిన్న పిట్టల్లో చాలావాటికి కావలసింది పురుగులు, తేనె, చిన్న పళ్లు. గింజల పెట్టె మీద వాలినవి పావురాలే. దాన్ని తీయించేశాను. గోడ మీద అన్నం పెట్టడం కూడా మాన్పించాను, ఎందుకంటే అన్నం ఉన్నచోట కాకులు ఉంటాయి, కాకులు తిష్ఠ వేసిన చోట చిన్న పిట్ట కుదురుగా వాలదు.

గింజలు తినేవాటికి మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే మేలు. సంక్రాంతి ముందు వరి కంకులు అల్లి చూరుకు కట్టే కుచ్చు ఒకటి తెప్పించి, నీళ్ల మూకుడుకు ఎడంగా కట్టించాను. జీనువాయిలు, అంటే చుక్కల మునియాలు, మూడో రోజుకే దాన్ని పట్టేశాయి. ఫొటోలో ప్లాస్టిక్ పెట్టె కన్నా బంగారు రంగు కంకి ఎంత బాగుంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

మిగతావాటిని రప్పించింది నీళ్లు. వెడల్పాటి మట్టి మూకుడు, లోపల రెండు మూడు సెంటీమీటర్లకు మించని నీళ్లు, మధ్యలో ఒక గరుకు రాయి. చిన్న పిట్టకు లోతు భయం. మూకుడును మీటరు ఎత్తు దిమ్మ మీద పెట్టాం, పొదలకు దూరంగా, ఎందుకంటే పక్కింటి పిల్లి మాటువేసేది పొదలోనే. పైన ఒక సీసాకు సెలైన్ గొట్టం తగిలించి చుక్క చుక్కగా పడేట్టు చేశాం. నిలిచిన నీటి కన్నా కదిలే నీటిని పిట్టలు త్వరగా పసిగడతాయి. దోమల సంగతి ఆవిడ అడిగారు, అడగవలసిన ప్రశ్నే. దోమ గుడ్డు నుంచి పెద్దదవడానికి వారం, పది రోజులు పడుతుంది. రోజూ నీళ్లు పారబోసి మూకుడు రుద్ది కడిగితే ఆ బెడద ఉండదు. కడగడం పిట్టల ఆరోగ్యానికి కూడా అవసరమే.

పిట్ట నేరుగా నీటి మీద దిగదు. ముందు పక్కన వాలి, అటూఇటూ చూసి, అప్పుడు దిగుతుంది. ఫొటో తీయవలసింది ఆ వాలినప్పుడే. మూకుడుకు అడుగు దూరంలో, ఇసుక నింపిన కుండీలో ఒక ఎండు జామకొమ్మ నిలబెట్టాం. పెన్సిలు మందం మించకూడదు. పది సెంటీమీటర్ల తేనెపిట్ట బొటనవేలంత కొమ్మ మీద వాలితే ఫొటోలో కొమ్మే కనిపిస్తుంది. కొమ్మ కెమెరాకు అడ్డంగా ఉండాలి. అప్పుడే పిట్ట పక్కకు తిరిగి కూర్చుంటుంది. ఇలా ఉండటం ఎందుకు అవసరమో ఒక లెక్క చెబుతాను. నాలుగున్నర మీటర్ల దూరంలో, 500 మి.మీ. దగ్గర, ఎఫ్ 6.3 (లెన్సు ద్వారం ఎంత తెరుచుకుందో చెప్పే అంకె)తో ఈ కెమెరాలో స్పష్టంగా వచ్చే లోతు రెండు సెంటీమీటర్లు. 600కు జరిపితే ఒకటిన్నర కూడా రాదు. తేనెపిట్ట ముక్కే రెండు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అది మనవైపు తిరిగితే కన్ను స్పష్టంగా ఉన్నా ముక్కు కొస మసకబారుతుంది. అందుకే 600 వాడవద్దన్నాను. 500 దగ్గర చట్రంలో దాదాపు 19 సెంటీమీటర్ల వెడల్పు పడుతుంది, పది సెంటీమీటర్ల పిట్టకు చుట్టూ కాస్త జాగా మిగులుతుంది.

సెట్టింగులు రెండు ముక్కల్లో చెబుతాను. మాన్యువల్‌లో షట్టర్ సెకనులో 1250వ వంతు, ఎఫ్ 6.3 లేదా 8, ఐఎస్ఓ ఆటో, పైపరిమితి 3200. నాయిస్ ఉన్న ఫొటోను కంప్యూటర్‌లో బాగు చేయవచ్చు, కదిలిన ఫొటోను చేయలేం.

ఎవరెవరు వచ్చారు

మొదట దిగినవి ఎర్రపిర్రల పిగిలిపిట్టలు. అవి ధైర్యస్తులు. అవి స్నానం చేస్తుంటే చూసి మిగతావి వస్తాయి కాబట్టి వాటిని తరమవద్దన్నాను. తర్వాత మాగ్‌పై రాబిన్, ఆ వెనక టైలర్‌బర్డ్, దాసరిపిట్ట. దాసరిపిట్ట విసనకర్రలాంటి తోకతో క్షణం నిలవదు. దానికి షట్టర్ 2000కు పెంచాలి.

ఎప్పుడు ఏది వస్తుందో కనిపెట్టింది ఆయన కాదు, ఆవిడ. వంటింటి గోడ కేలెండరు మీదే పాల లెక్క పక్కన పిట్టల వేళలు రాసిపెట్టారు. "ఐయోరా రెండూ ఏడున్నరకి మామిడి వైపు నుంచి జామ మీదికి" అని ఒక చోట ఉంది (ఐయోరా పసుపుపచ్చని చిన్న పిట్ట). చిన్న పిట్టలు రోజూ ఇంచుమించు ఒకే దారిలో మేత వెతుక్కుంటూ తిరుగుతాయి. ఆ పట్టిక చేతికొచ్చాక ఆయన రోజంతా కాపలా కాయడం మానేసి వేళకు కూర్చోవడం మొదలుపెట్టారు. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికన్నా విలువైన పరికరం ఆ గోడ కేలెండరే.

తేనెపిట్టల దగ్గర ఆయనకు ఒక ఫిర్యాదు ఉండేది. "మగది రావడం లేదండీ, అన్నీ ఆడవే." ఫొటోలు చూస్తే వాటిలో కొన్ని మగవే. పర్పుల్ సన్‌బర్డ్ అనే ఈ తేనెపిట్టలో మగది సంతానకాలం అయ్యాక మెరిసే ఈకలు రాల్చి, ఆడదానిలాగే పసుపు, బూడిద కలిసిన రంగులోకి మారుతుంది. గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్లటి చార మాత్రం మిగులుతుంది. డిసెంబరులో మనకు కనిపించేది ఆ వేషం. జనవరిలో అక్కడక్కడా మెరుపు మచ్చలు వచ్చి, ఆపై నిండుగా నీలి ఊదారంగు తేలుతుంది. ఈ మచ్చల దశను చాలామంది పారేస్తారు. నేను మాత్రం వరసగా తీసి దాచమన్నాను, ఎందుకంటే ఒకే తోటలో ఒకే పిట్ట రంగు మారడం కేలెండరులో మూడు నెలలకు సరిపడే కథ. ఆ లోపు మెరుపు కావాలంటే మరో రకం తేనెపిట్ట, పర్పుల్ రంప్డ్ సన్‌బర్డ్ ఉండనే ఉంది. దాని మగది ఏడాది పొడవునా ఒకే రంగులో ఉంటుంది.

ఆ మెరుపు ఈకలోని రంగుపొడి వల్ల వచ్చేది కాదు. ఈక లోపలి సన్నని పొరల మీద వెలుతురు పడి తిరిగి రావడం వల్ల పుడుతుంది. అందుకే కోణం తప్పితే అదే పిట్ట బొగ్గులా కనిపిస్తుంది. ఎండ మన వెనక నుంచి పడాలన్న పట్టుదల వీటి కోసమే. ఎండ వెనక ఉన్నా ప్రతి ఫొటోలో మెరవదు, పిట్ట తల తిప్పే క్షణానికి వరసగా నాలుగైదు తీసుకోవాలి.

ఇంకో సంగతి, తేనెపిట్టలు మూకుడులో దిగలేదు. అవి తడి ఆకుల మీద దొర్లి స్నానం చేస్తాయి. తూర్పు తోటలో ఎండ తగిలే మందార కుండీని కొమ్మ ఉన్న దూరానికే జరిపి, ఏడు గంటలకు ఆకుల మీద స్ప్రేయరుతో నీళ్లు చల్లమన్నాను. అలా తీసిన ఒక ఫొటో, ఆకు మీద పొట్ట ఆనించి రెక్కలు విదిల్చే ఆడ తేనెపిట్టది, మొత్తం కేలెండరుకు ముఖచిత్రం అయింది. మగదాని మెరుపు కన్నా అదే నాకు నచ్చింది. ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు కానీ, ఆవిడ ఓటు నాకు పడింది.

అన్నిటికన్నా కష్టపెట్టింది బ్లిత్స్ రీడ్ వార్బ్లర్. తూర్పు ఐరోపా నుంచి మధ్య ఆసియా దాకా గుడ్లు పెట్టి, చలికాలం మన దేశానికి వచ్చే గోధుమరంగు పిట్ట. పొదలోంచి "చెక్, చెక్" అని రోజంతా వినిపిస్తుంది, కనిపించదు. ఫోనులో దాని కూత వినిపించి బయటకు రప్పించవచ్చా అని ఆయన అడిగారు. ఆ పని నేను చేయను, చేయించను. తన చోటును ఎవరో ఆక్రమించారనుకుని అది మేత మానేసి వెతుకుతుంది. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పిట్టకు మన కేలెండరు కోసం ఆ శ్రమ ఎందుకు? దానికి బదులు, అది ఏ పొద అడుగున తిరుగుతుందో ఆవిడ పట్టికలో చూసి, ఆ నూరు వరహాల పొదలో జానెడు కంత వచ్చేట్టు నాలుగు రెమ్మలు కత్తిరించాం. ఆ కంతలో ఒక పుల్ల. ముందే దాని మీద ఫోకస్ పెట్టుకుని ఉండటం, అంతే. నీడ కాబట్టి షట్టర్ 400కు తగ్గించి, ఐఎస్ఓను 6400 దాకా వదిలాం. వచ్చిన ఫొటోలో గొప్ప రంగులేమీ లేవు, లేత కనుబొమ గీత, సన్నటి ముక్కు, ఆకుల మధ్య ఒక చూపు. ఆయన జనవరి పేజీకి దాన్నే ఎంచుకున్నారు.

భోగి నాటి ఉదయం కెమెరా బయటకు తీయవద్దని చెప్పాను. వీధంతా పొగ.

మేడ మీద నుంచి

పేల్ బిల్డ్ ఫ్లవర్‌పెకర్ మాత్రం మూకుడును గానీ, కొమ్మను గానీ లెక్కచేయలేదు. ఎనిమిది సెంటీమీటర్ల బూడిదరంగు పిట్ట, మన దేశంలో ఉన్న అతి చిన్న పక్షుల్లో ఒకటి. దానికి కావలసింది పక్కింటి మామిడి చెట్టు మీద పట్టిన బదనిక. బదనిక పండు మింగి, జిగురుగా ఉండే గింజను మరో కొమ్మ మీద వదిలించుకుంటుంది. అలా ఆ పరాన్నజీవి మొక్క కొమ్మ నుంచి కొమ్మకు పాకుతుంది. కింది నుంచి తీస్తే తెల్లటి ఆకాశం మీద బూడిద పొట్ట తప్ప ఏమీ రాదు. మేడ ఎక్కితే బదనిక గుత్తి సరిగ్గా కంటి ఎత్తున ఉంది, వెనక మామిడాకులు. అక్కడ మాత్రం 600 మి.మీ. వాడాం, ఎందుకంటే దూరం ఎనిమిది మీటర్ల పైనే. పక్కింటివారు బదనికను కొట్టించాలని అప్పటికే అనుకుంటున్నారు, చెట్టు కోసం అది సబబే. ఫిబ్రవరి దాకా ఒక కొమ్మ ఉంచమని ఆవిడ వెళ్లి అడిగి వచ్చారు.

తేలిన లెక్క

కేలెండరుకు పన్నెండు ఫొటోలూ దొరికాయి. వాటిలో పది తూర్పు వరండా కుర్చీలోంచి తీసినవే. పాత ఫొటోలను పిట్ట కనిపించేలా కత్తిరిస్తే అడ్డంగా 1500 పిక్సెళ్లు మిగిలేవి, అది అంగుళానికి 300 లెక్కన అయిదు అంగుళాల అచ్చుకే సరి. కొత్తవి దాదాపు కత్తిరించకుండానే వాడాం. 24 మెగాపిక్సెళ్ల ఫొటో అదే లెక్కన 20 అంగుళాల వెడల్పు దాకా అచ్చవుతుంది. డబ్బు లెక్కలో మూకుడు, నీడవల, సెలైన్ గొట్టం, వరి కుచ్చు తప్ప ఖర్చు లేదు, నా ఫీజు కాకుండా.

ఫిబ్రవరిలో ఒక కొత్త తంటా వచ్చింది. నిండు రంగులోకి వచ్చిన మగ తేనెపిట్ట, గేటు లోపలి కారు అద్దంలో తన ప్రతిబింబాన్ని చూసి పోటీదారు అనుకుని పొడవడం మొదలుపెట్టింది. అద్దాలకు గుడ్డసంచులు తొడిగించాను. అద్దంతో పోట్లాడే ఫొటోలు తమాషాగా ఉంటాయని ఆయన అన్నారు. గంటల తరబడి అలా అలసిపోయే పిట్టను చూస్తూ తీయడం నాకు ఇష్టం లేదని చెప్పాను.

ఈ అమరిక చలికాలానికే పనికొస్తుంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా విశాఖలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు, ఉదయం కూడా ఈశాన్యం నుంచే వస్తాడు. అప్పుడు ఈ కుర్చీలోంచి చూస్తే ఎండ మన వెనక నుంచి కాకుండా పక్కగా, కాస్త ఎదురుగా వస్తుంది. ఉత్తరపు జాగాకు మాత్రం వెలుతురు వస్తుంది. అందుకే మూకుడు దిమ్మను సిమెంటుతో కట్టించవద్దని, కొమ్మ కుండీలు ఇద్దరు మోయగలిగే బరువులోనే ఉంచమని చెప్పి వచ్చాను. ఉత్తరపు గోడకు ఈలోగా సున్నం బదులు ముదురు ఆకుపచ్చ రంగు వేయిస్తున్నారు.